మేధాసంపత్తి న్యాయము – విద్యార్థులకు కార్యశిక్షణ
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాస పాఠము)



పల్లెటూరి గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొనుచున్న వేళ న్యాయశాస్త్ర విద్యార్థుల శిక్షణను గూర్చి ఉపన్యాసమేల యని కొందరికి తోచవచ్చును. అందును మేధాసంపత్తి యనునది మహానగరములలోని పెద్ద కంపెనీల వ్యవహారమనియు, దానికిని ఈ పుస్తకముల బీరువాలకును పొత్తు లేదనియు తలచువారు పెక్కురు. ఒక్క పసుపుకొమ్ము కథ విన్నచో ఈ సందేహము తీరును.

1995 మార్చి నెలలో అమెరికా పేటెంటు కార్యాలయము, గాయములను మాన్పుటకు పసుపును వాడు పద్ధతిపై మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు పేటెంటు నొసగినది. దెబ్బ తగిలినచోట పసుపు అద్దుట తెలియని ఇల్లు మన దేశమున లేదు. అయినను ఆ కార్యాలయము ముందు నిలిచి "మా అమ్మమ్మ ఇట్లే చేసెడిది" అన్నంత మాత్రమున పని జరుగదు. ఆనాటి అమెరికా చట్టము ప్రకారము పరదేశములలో నోటిమాటగా నున్న జ్ఞానము లెక్కకు రాదు. అచ్చుపడిన ఆధారము కావలెను. భారత శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి 1996లో పునఃపరిశీలన కోరుచు 32 ఆధారములను సమర్పించినది. వానిలో సంస్కృత, ఉర్దూ, హిందీ భాషలలోని గ్రంథములు కలవు. నూరేండ్లు దాటినవియు కలవు. 1953లో భారత వైద్యసంఘ పత్రికయందు వెలువడిన వ్యాసమొకటి కలదు. 1997లో ఆ పేటెంటు రద్దయినది. ఎవరి అలమారులోనో దుమ్ము పట్టియున్న కాగితములే ఆ వ్యాజ్యమును గెలిచినవి.

వేపవిషయమునను ఇట్లే జరిగినది. వేపనూనెతో శిలీంధ్రములను అరికట్టు పద్ధతిపై ఐరోపా పేటెంటు కార్యాలయము 1994లో ఇచ్చిన పేటెంటు 2000లో రద్దయి, అప్పీలులో ఆ తీర్పే 2005లో స్థిరపడినది. ఇట్టి వ్యాజ్యములు మాటిమాటికి రాకుండుటకై 2001లో సంప్రదాయ విజ్ఞానమునకు ప్రత్యేకముగా ఒక డిజిటల్ గ్రంథాలయమే ఏర్పడినది.

ఇచ్చట గమనింపవలసిన దేమనగా, ఏ పుస్తకము ఎక్కడ నున్నదో వెదకి పట్టి, అందలి వాక్యమును పేటెంటు కోరినవాని వాక్యముతో సరిపోల్చి, "ఇది క్రొత్తది కాదు" అని న్యాయభాషలో నిరూపించుట యొక ప్రత్యేకమైన పనితనము. పాఠ్యపుస్తకము చదివి పరీక్ష వ్రాసినంత మాత్రమున నది అబ్బదు. చేయి తిరిగినవాని ప్రక్కన కూర్చుండి, చేసి, తప్పు దిద్దించుకొని నేర్చుకొనవలసినది.

పేటెంటు, ట్రేడుమార్కు, కాపీరైటు, డిజైను, భౌగోళిక సూచిక, క్రొత్త సస్యరకముల హక్కు – వీనినన్నిటిని కలిపి మేధాసంపత్తి యందురు. ఒక్కొక్కదానికి వేరువేరు చట్టము, వేరువేరు గడువులు కలవు. వివరములన్నియు ఈ సభకు అక్కరలేదు. న్యాయకళాశాలలో ఈ చట్టములన్నియు ఒకటి రెండు పేపర్లలో ముగియునని మాత్రము చెప్పవలసియున్నది.

న్యాయవిద్య పుస్తకవిద్యగా మారుటకు ఒక చరిత్ర కలదు. 1870లో హార్వర్డు న్యాయకళాశాలకు పెద్దయైన లాంగ్డెల్ తీర్పులను చదివించి, ప్రశ్నించి బోధించు పద్ధతిని ప్రవేశపెట్టెను. రసాయన శాస్త్రజ్ఞునికి ప్రయోగశాల యెట్టిదో న్యాయవాదికి గ్రంథాలయ మట్టిదని ఆయన మతము. ఈ సభకు ఆ మాట ప్రీతికరముగనే యుండును. కాని 1933లో జెరోము ఫ్రాంకు అను అమెరికా న్యాయవేత్త దీనిని గట్టిగా ఖండించెను. రోగిని చూడకుండ పుస్తకములే చదివి వైద్యుడైనవానిచేత ఎవరైనను మందు పుచ్చుకొందురా, కక్షిదారుని చూడకుండ న్యాయవాది యెట్లగునని ఆయన వాదము. వైద్యకళాశాలకు ఆసుపత్రి యున్నట్లు న్యాయకళాశాలకు క్లినిక్కు ఉండవలెనన్న భావము దీనివలన బలపడినది. ఇరువురి మాటలోను సత్యమున్నది. పసుపు వ్యాజ్యములో అలమారు లేకున్న ఫ్రాంకు శిష్యుడు చేయగలిగినది స్వల్పము.

మన దేశమున బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన న్యాయవిద్యా నియమముల ప్రకారము మూడేండ్ల కోర్సు చదువు విద్యార్థి మొత్తము 12 వారములు, ఐదేండ్ల కోర్సు విద్యార్థి 20 వారములు ఇంటర్న్‌షిప్పు చేయవలెను. ఏ సంవత్సరమునందైనను నాలుగు వారములకు మించి ఏకధాటిగా చేయరాదు. చదువు ముగియులోపల ఒక్కమారైనను క్రింది కోర్టులోను, పై కోర్టులోను పనిచేయు న్యాయవాదుల వద్ద నుండవలెను. డైరీ వ్రాయవలెను. నియమము మంచిదే. ఆచరణలో మాత్రము పెక్కుమంది విద్యార్థులు సీనియరుగారి ఫైలు మోయుట, వాయిదా తేదీ వ్రాసికొనుట, జిరాక్సు తీయించుట – వీనితోనే వారములను పూర్తిచేయుచున్నారు. డైరీలు ఒకరిని చూచి యొకరు వ్రాయుటయు కలదు. మేధాసంపత్తి విషయమున నాలుగు వారముల హద్దు మరింత ఇబ్బంది. పేటెంటు దరఖాస్తు పుట్టుక మొదలు పరీక్షాధికారి ఆక్షేపణ వచ్చువరకు నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టును. నాలుగు వారములలో విద్యార్థికి కనబడునది నదిలో నొక అలయే.

అమెరికాలో ఈ చిక్కును తప్పించుటకు చేసిన ఏర్పాటు తెలిసికొనదగియున్నది. 2008లో అచ్చటి పేటెంటు ట్రేడుమార్కు కార్యాలయము ఆరు న్యాయకళాశాలలతో ఒక ప్రయోగము నారంభించినది. కళాశాల క్లినిక్కులో చేరిన విద్యార్థికి పరిమితమైన గుర్తింపు నిచ్చి, అర్హుడైన అధ్యాపకుని పర్యవేక్షణలో నిజమైన కక్షిదారుల దరఖాస్తులను ఆ కార్యాలయము ముందు నడుపుటకు అనుమతించినది. 2014 డిసెంబరులో దీనికి చట్టబద్ధత లభించి కార్యక్రమము స్థిరపడినది. తరువాత ఇందు చేరిన కళాశాలల సంఖ్య అరువది దాటినది. కక్షిదారులు సామాన్యముగా చిన్న వ్యాపారులు, వకీలును పెట్టుకొనజాలని వారు. కార్యాలయపు రుసుము వారు చెల్లించుకొనవలెను గాని వకీలు ఫీజు లేదు. విద్యార్థి దరఖాస్తు వ్రాయును, ఆక్షేపణ వచ్చినచో సమాధానము వ్రాయును, పరీక్షాధికారితో మాటలాడును. ఒక విద్యార్థి పట్టము పుచ్చుకొని వెడలిపోయిన, ఆ ఫైలు తరువాతి విద్యార్థి చేతికి వచ్చును. కావున క్లినిక్కునందు ఫైలునకు విచ్ఛేదము లేదు. వచ్చి పోవువారు విద్యార్థులే.

ఇట్టి శిక్షణలో విద్యార్థి నేర్చుకొను మొదటి పాఠము వినుట. క్రొత్త వస్తువును కనిపెట్టిన మనిషి "నా యంత్రమంతయు క్రొత్తదే" అనును. అది యెన్నడును నిజము కాదు. చక్రము పాతది, మోటారు పాతది, మర పాతది. వాని కూర్పులో ఎచ్చటనో ఒక్క కీలు క్రొత్తది. ఆ కీలును పట్టుకొని మాటలలో పెట్టుటయే పేటెంటు ముసాయిదా. మాట వెడల్పయినచో పాత వస్తువు అడ్డు వచ్చును. ఇరుకైనచో పొరుగువాడు కొంచెము మార్చి తప్పించుకొనును.

తెలుగునాటనే దీనికి చక్కని ఉదాహరణము కలదు. పోచంపల్లి నేతలో మగ్గమెక్కుటకు ముందు ఆసు పోయవలెను. ఒక్క చీరకు చేతిని మేకుల మధ్య సుమారు 9,000 మార్లు ఆడింపవలసి వచ్చెడిది. ఆ పని ఇంటి స్త్రీలది. ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబమున బుట్టి, ఆరవ తరగతితో చదువు చాలించిన చింతకింది మల్లేశముగారు తల్లి భుజముల నొప్పి చూడలేక లక్ష్మీ ఆసు యంత్రమును నిర్మించిరి. అది 1999లో పూర్తియైనది. పేటెంటు 2011లో లభించినది. 2017లో వారికి పద్మశ్రీ వచ్చినది. న్యాయవిద్యార్థికి ఇంతకు మించిన అభ్యాసము లేదు. ఆ యంత్రము ముందు నిలువబెట్టి, అది చేయు పనిని చూపి, "ఇందులో క్రొత్తదేది? ఒక్క వాక్యములో వ్రాయుము" అని అడిగినచో, నూరు మార్కులు తెచ్చుకొన్నవానికిని చెమట పట్టును. మరి పల్లెలలో ఇట్టి బుద్ధిమంతులు ఎందరో, వారి ప్రక్కన వాక్యము వ్రాయువాడు లేక!

మన దేశమున అమెరికా పద్ధతిని ఉన్నదున్నట్లు దించుట కుదరదు. 1961 న్యాయవాదుల చట్టము ప్రకారము కోర్టులలో వాదించుటకు పేరు నమోదైన న్యాయవాదులకే అధికారము. పేటెంటు కార్యాలయమున దరఖాస్తుదారుని పక్షమున పనిచేయు పేటెంటు ఏజెంటునకు విజ్ఞాన, ఇంజినీరింగు, సాంకేతిక శాఖలలో ఏదో యొకదాని పట్టమును, ఆ కార్యాలయము పెట్టు పరీక్షలో ఉత్తీర్ణతయు ఉండవలెను. విద్యార్థి సంతకము చెల్లదు. ఇంకొక చిక్కు. పూర్తికాలపు న్యాయాధ్యాపకుడు వృత్తి చేయరాదను కట్టడి వలన, విద్యార్థిని పర్యవేక్షింపవలసిన గురువుకే ఆ కార్యాలయపు గడప తెలియకుండు స్థితి ఏర్పడినది. ఈత రానివాడు ఈత నేర్పినట్లున్నది. 1979 నియమముల ప్రకారము వృత్తిలోనున్న న్యాయవాది రోజునకు మూడు గంటలకు మించకుండ న్యాయశాస్త్రము బోధింపవచ్చును. కళాశాలలు ఈ వెసులుబాటును మేధాసంపత్తి క్లినిక్కునకు వాడుకొనినచో చిక్కు చాలవరకు విడును. వాడుకొను కళాశాలలు కొలదియే.

సంతకము చేయలేకున్నను చేయదగిన పని కొండంత యున్నది. అందులో మొదటిది భౌగోళిక సూచిక. 1999లో చేయబడిన ఆ చట్టము 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోనికి వచ్చినది. రిజిస్ట్రీ చెన్నపట్టణమున నున్నది. పోచంపల్లి ఇక్కత్తు దేశమున మొదట నమోదైన కొద్ది వస్తువులలో నొకటి. తరువాత కొండపల్లి బొమ్మలు, శ్రీకాళహస్తి కలంకారీ, నిర్మలు కొయ్యబొమ్మలు, తిరుపతి లడ్డు, బనగానపల్లె మామిడి, ఏటికొప్పాక బొమ్మలు, తాండూరు కంది మొదలైనవి చేరినవి. పత్రికలలో వార్త వచ్చును, అందరును సంతోషింతురు, అంతటితో ఊరుకొందురు. కాని ఆ రిజిస్టరునకు రెండు భాగములు కలవు. మొదటి భాగమున సూచికయు, దాని యజమానియైన సంఘమును ఉండును. రెండవ భాగమున అధికృత వినియోగదారుల పేర్లుండును. సంఘము పేర నమోదైనంతనే నేతగాని పేరు రెండవ భాగమున చేరదు. అతడు వేరుగా దరఖాస్తు పెట్టుకొనవలెను. పేరు చేరినవానికే ఆ సూచికను వాడుకొను ప్రత్యేకమైన హక్కు కలుగును. నకిలీ అమ్మువానిపై దావా వేయుటకును అర్హత కలుగును. ఇక్కత్తు నమూనాను గుడ్డపై అచ్చువేసి అగ్గువకు అమ్ము వ్యాపారిని చూచి మగ్గము ముందు కూర్చుండి నిట్టూర్చు నేతగానికి ఈ సంగతి చెప్పువారెవరు?

ఇది న్యాయవిద్యార్థి చేయదగిన పని. ఊరిలో కూర్చుండి, నేతగానితో తెలుగున మాటలాడి, ఏ నూలు, ఏ రంగు, ఎట్లు కట్టుకట్టి ముంచుదురు, ఎన్ని తరముల నుండి నేయుచున్నారు అని అడిగి వ్రాసికొని, ఆధారములు జతపరచి, దరఖాస్తు ముసాయిదాను పర్యవేక్షక న్యాయవాదికి చూపవలెను. క్రొత్త వస్తువునకు సూచిక కోరునపుడు ఇంకను పెద్ద పని. ఆ వస్తువు ఆ ప్రాంతమునదే యనుటకు చరిత్రాధారము, తయారుచేయు విధానము, ఆ నేలకును నీటికిని చేతిపనికిని వస్తుగుణముతో గల సంబంధము, ప్రాంతపు పటము, నాణ్యతను తనిఖీ చేయు ఏర్పాటు – ఇన్నియు చూపవలెను. మహానగరపు సంస్థలో ఇంటర్ను చేసిన ఆంగ్లమాధ్యమపు విద్యార్థి కంటె పల్లెనుండి వచ్చిన తెలుగు విద్యార్థికే ఇచ్చట పైచేయి. ఈ మాట మన కళాశాలలు ఇంకను గుర్తింపలేదు.

ట్రేడుమార్కు పని దీనికంటె సులువు. మహిళా సంఘములు పచ్చళ్లు, పొడులు, అప్పడములు చేసి అమ్ముచున్నవి. సీసాపై "అమ్మ చేతి" అనియో "పల్లె రుచులు" అనియో పేరు పెట్టుదురు. అట్టి పేరును పోలినది ముందే యొకరిది కావచ్చును, లేక వస్తువును వర్ణించుపేరని రిజిస్ట్రీ నిరాకరింపవచ్చును. రిజిస్ట్రీవారి జాలస్థలిలో ఎవరైనను పైకము లేకుండ వెదకి చూడవచ్చును. విద్యార్థి ఒక పూట కూర్చుండి వెదకినచో సంఘమునకు దరఖాస్తు రుసుము మిగులును. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైనులో వేసినను 2017 నియమములచేత అది ఒక్కొక్క తరగతికి 4,500 రూపాయలు. ఆక్షేపణ నివేదిక అందిన 30 దినములలో సమాధానము పంపకున్న దరఖాస్తు వదలుకొన్నట్లే భావింపబడవచ్చును. ఆంగ్లమున వచ్చిన ఆ నివేదికను ప్రకటన కాగితమనుకొని ప్రక్కన పెట్టినచో గడువు దాటును. గడువుల పట్టిక నుంచుకొని హెచ్చరించు విద్యార్థి ఒక్కడున్నను ఇట్టి నష్టము తప్పును.

పేటెంటు విషయమున, దరఖాస్తు ప్రచురితమైన పిదప, మంజూరు కాకమునుపు, ఎవరైనను లిఖితపూర్వకముగా అభ్యంతరము తెలుపవచ్చునని 1970 పేటెంటు చట్టము 25వ విభాగము చెప్పుచున్నది. స్థానిక సమాజములో నోటిమాటగా నున్న జ్ఞానమును సైతము అభ్యంతరమునకు ఆధారముగా చూపవచ్చును. పసుపు వ్యాజ్యమునాటి అమెరికా చట్టము కంటె మన చట్టము ఇచ్చట ఉదారము. 2024 మార్చి నియమముల వలన రుసుమును, అభ్యంతరము విచారణార్హమా యను ముందు పరిశీలనయు వచ్చినవి. కావున అభ్యంతరము శ్రద్ధగా వ్రాయవలసిన అవసరము హెచ్చినది. శిక్షణ అవసరమును హెచ్చినది. రైతు విషయము ఒక్క మాట: 2001 చట్టముచేత రైతు తన పంట విత్తనమును దాచుకొనుటకు, విత్తుటకు, మార్చుకొనుటకు, బ్రాండు పేరు లేకుండ అమ్ముకొనుటకు హక్కు కలదు, తన తాతలనాటి రకమును తన పేర నమోదు చేయించుకొనుటకును వీలు కలదు.

న్యాయసేవల క్లినిక్కులను గూర్చి 2011లో జాతీయ న్యాయసేవల సంస్థ నిబంధనలు చేసినది. వానిక్రింద న్యాయకళాశాలలు గ్రామములను దత్తత తీసికొనవచ్చును. అచ్చటికి భూమి తగాదాలు, పింఛనులు, కుటుంబ కలహములు వచ్చుచున్నవి. మగ్గము, విత్తనము, పచ్చడి సీసా రావు. అడుగువారు లేరని కళాశాల, చెప్పువారు లేరని ఊరు అనుకొనుచున్నవి.

ఇక బయటి అవకాశములు. నాగపూరునందలి రాజీవ్ గాంధీ జాతీయ మేధాసంపత్తి నిర్వహణ సంస్థ కార్యాలయపు పరీక్షాధికారులకే గాక ఇతరులకును శిక్షణ నిచ్చుచున్నది. జెనీవాలోని ప్రపంచ మేధాసంపత్తి సంస్థ దూరవిద్యగా ప్రాథమిక పాఠమును ఉచితముగా నేర్పుచున్నది. వేసవి పాఠశాలలును నడుపుచున్నది. హైదరాబాదు నల్సారు విశ్వవిద్యాలయము దూరవిద్యలో పేటెంటు న్యాయమున డిప్లొమా ఏర్పరచినది. 2021 ఏప్రిలులో మేధాసంపత్తి అప్పీలు బోర్డు రద్దయి దాని వ్యాజ్యములు హైకోర్టులకు వచ్చుటచే, చెన్నపట్టణమునకు పోకుండ ఇట్టి వాదములను వినుటకు కొంత వీలు కలిగినది. ట్రేడుమార్కు దావాలు జిల్లా స్థాయి కోర్టులలోనే ఆరంభమగును గనుక జిల్లాకేంద్రపు విద్యార్థి వానిని వెదకికొని పోయి వినవచ్చును. ఇది ఖర్చులేని శిక్షణ.

ఢిల్లీ, బొంబాయిలలోని పేరుగల సంస్థలలో ఇంటర్న్‌షిప్పు సంగతి వేరు. అచ్చట పని హెచ్చు, నేర్చుకొనునదియు హెచ్చు. కాని పెక్కుచోట్ల భృతి యుండదు, ఉన్నను బస ఖర్చునకు చాలదు. పరిచయములు గల ఇంటి బిడ్డకు తండ్రి ఒక్క టెలిఫోనుతో స్థానము సంపాదించును. కుటుంబమున మొదటివాడుగా న్యాయశాస్త్రము చదువు పల్లెబిడ్డ నెలనాళ్ల అద్దె భరింపలేక దరఖాస్తే పెట్టడు. ఫలితమేమనగా నేతగాని కష్టము నెరిగినవాడు ఈ వృత్తిలోనికి రాడు. వచ్చినవానికి నేత తెలియదు. విద్యార్థి నుండి రుసుములు వసూలుచేయు కళాశాల, అందు కొంత భాగమును ఇంటర్న్‌షిప్పు బస భృతిగా తిరిగి ఇచ్చుట న్యాయము.

శిక్షణ పొందు విద్యార్థికి ముందుగా నేర్పవలసినది మౌనము. దరఖాస్తు వేయకముందే ఆవిష్కరణ బయటపడినచో సామాన్యముగా దాని క్రొత్తదనము పోవును. డైరీలో వ్రాసినను, స్నేహితునికి చెప్పినను, సంతలో ప్రదర్శించుమని సలహా యిచ్చినను నష్టము కనిపెట్టినవానిదే. గోప్యతాపత్రముపై సంతకము చేయించుకొనక విద్యార్థిని ఫైలు ముట్టనీయరాదు. "మీకు పేటెంటు తప్పక వచ్చును" అని మాట యిచ్చుటయు అట్టి తప్పే.

చివరకు ఈ గ్రంథాలయపు మాట. పేటెంటు వ్యాజ్యములో పుస్తకము ఉన్నదనుట చాలదు. అది ఏ దినమున ప్రజలకు అందుబాటులోనికి వచ్చినదో చూపవలెను. పుస్తకమునందలి ముద్రణ సంవత్సరముతో పాటు, గ్రంథాలయము చేర్చుకొన్న తేదీ, ముద్ర, చేరిక రిజిస్టరులోని వరుస సంఖ్య – ఇవి సాక్ష్యములు. 1918లో వేటపాలెమున వెలసిన సారస్వత నికేతనము పాత పత్రికలను భద్రపరచినందుననే పరిశోధకులు నేటికిని అచ్చటికి పోవుచున్నారు, చుట్టును నేతయూళ్లే. ఇచ్చటి కార్యదర్శులు గత 25 ఏండ్ల చేరిక రిజిస్టరులను చెదలు పట్టనీయక, తేదీ లేని పద్దులకు ఇప్పుడు ఊహ తేదీ వేయక, ఉన్నవానిని ఉన్నట్లే భద్రపరుపవలెను. సమీప న్యాయకళాశాల విద్యార్థులు సెలవులలో నలుగురు వచ్చి, వైద్యము, వ్యవసాయము, రంగులు, నేత, వంటకములను గూర్చిన పాత పుస్తకములకు విషయసూచిక తయారుచేయుదురేని, కూర్చుండుటకు బల్లయు, త్రాగుటకు మంచినీరును, సాయంకాలము ఎనిమిది గంటలవరకు దీపమును కార్యవర్గము సమకూర్పగలదు. ఆ విద్యార్థుల డైరీలలో పని పేరు, పుస్తకపు సంఖ్య, తేదీ వ్రాసి గ్రంథపాలకుడు సంతకము చేయవచ్చును. నియమములలోని జాబితాయందు గ్రంథాలయము పేరు లేదు గాని, విశ్వవిద్యాలయము నిర్ణయించిన ఇతర సంస్థలను చేర్చుటకు వీలున్నది. అందుకై దరఖాస్తు వ్రాయుట కార్యవర్గపు తరువాతి సమావేశమున చేయదగిన పని.